ర్యామ్ ఖాళీగా ఉన్నా మాలాక్ విఫలమవుతోంది: పరిమితి ఎక్కడ ఉంది?

ప్రశ్న (అమలాపురం)

ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం మొదటి ప్రమాద హెచ్చరికైన 11.75 అడుగుల నుంచి మూడవ హెచ్చరికైన 17.75 అడుగులకు పెరిగేకొద్దీ మన లంక గ్రామాల్లో ఏ భాగం ముందుగా మునుగుతుందో లెక్కగట్టే ప్రోగ్రామును సీ భాషలో రాస్తున్నాను. డెల్టా అంతా పట్టేలా 150 కిలోమీటర్ల భుజం గల చతురస్రం తీసుకుని, 10 మీటర్లకొక బిందువు చొప్పున నేల ఎత్తులన్నిటినీ డబుల్ (దశాంశ సంఖ్య) రకం అర్రేలో (విలువల వరుసలో) ఒకేసారి నింపాలి. 64 బిట్ల ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్న నా యంత్రంలో 16 జీబీ ర్యామ్ ఉంది, అందులో అధిక భాగం ఖాళీయేనని టాప్ ఆజ్ఞ చూపుతోంది. అయినా మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్ నల్ (ఖాళీ చిరునామా) ఇస్తోంది, లోపం సంఖ్య ఉండే ఎర్‌నోలో ఇనోమెమ్, అంటే మెమరీ చాలదని, కనబడుతోంది. ఇదే ప్రోగ్రాము మిత్రుని లినక్స్ ల్యాప్‌టాప్‌లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఈ పని కోసమే యాడ్‌యూజర్‌తో కొత్త ఖాతా తెరిచాను. వరదల కాలం లోపు దీన్ని పూర్తి చేయాలని ఉంది. దయచేసి దారి చూపండి.

సమాధానం (భీమవరం)

ముందు లెక్క చూద్దామండి. ఒక్కో వైపు 15,000 బిందువులంటే మొత్తం 22.5 కోట్లు, డబుల్‌కు 8 బైట్లు కనుక మీరు అడుగుతున్నది 180 కోట్ల బైట్లు. ఇప్పుడు ఆ ఖాతాలోనే, ప్రాసెస్ పరిమితులు చూపే యూలిమిట్ ఆజ్ఞను మైనస్ డి తోనూ, తరువాత మైనస్ హెచ్‌డి (హెచ్ పెద్ద అక్షరం) తోనూ నడపండి. రెండింటికీ 1572864 వస్తే, అది కిలోబైట్లలో ఉంటుంది కనుక, 1536 ఎంబీ అన్నమాట. అంటే సుమారు 161 కోట్ల బైట్లు. కాలువ నిండుగా పారుతున్నా తూము ఎత్తినంత మేరకే బోదెలోకి నీరు దిగుతుంది కదా, ఇక్కడా అంతే: యంత్రంలో ఎంత ఉందన్నది వేరు, ఒక ప్రాసెస్‌కు ఎంత అనుమతించారన్నది వేరు. మొదటి ఆజ్ఞ చూపే మెత్తని పరిమితిని గట్టి పరిమితి వరకు మీరే పెంచుకోవచ్చు, కానీ గట్టి పరిమితిని పెంచే అధికారం రూట్‌కే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏర్పడిన ఖాతా స్టాఫ్ అనే లాగిన్ తరగతిలో (ఖాతాలకు పరిమితులు నిర్ణయించే గుంపులో) ఉంటుంది, తరువాత చేర్చిన ఖాతా సాధారణంగా డిఫాల్ట్ తరగతిలోకి వెళుతుంది. మీ చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం.

డిఫాల్ట్ తరగతిని ముట్టుకోకండి, అది మిగిలిన వాడుకరులందరికీ వర్తిస్తుంది. ఈటీసీలోని లాగిన్ డాట్ కాన్ఫ్ ఫైలులో వరద అనే కొత్త తరగతి రాసి, డేటాసైజ్ 3072ఎం అని ఇచ్చి, మిగతావి, మరో తరగతి విలువలను తెచ్చే టీసీ ద్వారా, డిఫాల్ట్ నుంచి తెచ్చుకోండి. యూజర్‌మాడ్ మైనస్ ఎల్ (పెద్ద అక్షరం) ఆజ్ఞతో మీ ఖాతాను అందులో చేర్చండి. ఇన్ఫినిటీ (పరిమితి లేదు) అని మాత్రం రాయవద్దు. ప్రోగ్రాములో మెమరీ లీక్ (తీసుకున్న మెమరీని వదలకపోవడం) ఉంటే యంత్రమంతా స్వాప్‌లో (మెమరీకి బదులు డిస్కు వాడటంలో) కూరుకుపోతుంది, అప్పుడు తప్పెక్కడుందో వెతకడం మరింత కష్టం.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పిన సంఖ్యే రెండింటికీ వచ్చింది. తరగతి రాసి ఖాతాను అందులో చేర్చాను, కానీ యూలిమిట్ ఇంకా పాత విలువనే చూపుతోంది. ఒకే టెర్మినల్‌లో పలు విండోలు నడిపే టీమక్స్‌లో కొత్త విండో తెరిచినా ఫలితం మారలేదు.

సమాధానం (రాజమహేంద్రవరం)

టీమక్స్‌లో విండో తెరవడం కొత్త లాగిన్ కాదండి. పాత పరిమితులతో మొదలైన టీమక్స్ సర్వరు నుంచే ఆ విండో పుడుతుంది కనుక అవే వారసత్వంగా వస్తాయి. ఆ సర్వరును పూర్తిగా ఆపి, బయటికి వెళ్లి మళ్లీ లాగిన్ కండి. ఈటీసీలో లాగిన్ డాట్ కాన్ఫ్ డాట్ డీబీ అనే ఫైలు ఉందేమో కూడా చూడండి. ఉంటే వ్యవస్థ దాన్నే చదువుతుంది, మీరు మార్చిన పాఠాన్ని కాదు, కనుక క్యాప్ ఎంకేడీబీ ఆజ్ఞతో దాన్ని మళ్లీ తయారు చేయాలి.

పరిమితి పెంచడం కంటే అవసరాన్ని తగ్గించుకోవడమే నాకు మేలనిపిస్తుంది. ఎత్తులకు డబుల్ అక్కరలేదు. 4 బైట్ల ఫ్లోట్ రకం వాడితే 90 కోట్ల బైట్లు చాలు, పాత పరిమితిలోనే సరిపోతుంది. సెంటీమీటర్లలో 16 బిట్ల పూర్ణాంకాలుగా దాస్తే 45 కోట్లే. అయితే అందులో 327 మీటర్లకు మించిన ఎత్తు పట్టదు. మీ చతురస్రం పాపికొండల వైపు జరిగితే ఆ బిందువులను ముందే గరిష్ఠ విలువకు కత్తిరించాలి, లేకపోతే కొండ శిఖరాలు రుణ సంఖ్యలుగా మారి మునిగినట్టు కనబడతాయి.

ప్రశ్న అడిగినవారు

టీమక్స్ సర్వరును ఆపి తిరిగి లాగిన్ అయ్యాక 3145728 చూపింది, మాలాక్ కూడా పనిచేసింది. డీబీ ఫైలు లేదు. అయినా ఫ్లోట్‌కే మారుతున్నాను. కొండల్ని కత్తిరించే పని ఉండదు, పైగా ఈ ప్రోగ్రామును ఊళ్లలో చిన్న యంత్రాలున్నవారు కూడా నడపగలగాలి. ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.