కోటవీధిలో కోట ఏదండీ?

వన్‌టౌన్ కుర్రాడు: మా అమ్మమ్మగారిల్లు విశాఖపట్నం కోటవీధిలోనే. వీధి ఉంది గానీ కోట కనపడదు. తొలిరోజుల్లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఇక్కడ నానా తిప్పలూ పడ్డారంటారు, నిజమేనా?

రిటైర్డ్ మాస్టారు: నిజమే బాబూ. 1682లో ఇక్కడ వర్తక కొఠీ పెట్టారు. కొనేది ముఖ్యంగా మన నేతబట్టలే. లండన్లో కూర్చుని కంపెనీ పెద్ద జోసయా చైల్డ్ ఔరంగజేబుతో కయ్యానికి కాలుదువ్వాడు. దెబ్బ మాత్రం ఇక్కడి గుమాస్తాలకి తగిలింది. 1689లో మొగలు సైన్యం కొఠీని పట్టుకుని అందులోని ఇంగ్లీషువాళ్ళని చంపేసింది. మర్నాటి ఏడాదే రాజీ కుదిరి మళ్ళీ తెరిచారనుకో. లాభం అలాంటిది!

భీమిలి బుల్లోడు: పక్కనే మా భీమిలిలో డచ్చివాళ్ళు. పోటీ ఊరుకుంటుందా?

రిటైర్డ్ మాస్టారు: అసలు గండం ఫ్రెంచివాళ్ళతో. 1757లో వాళ్ళ సేనాని బుస్సీ వస్తే కోట అప్పగించేశారు. దాన్ని 1758లో తిరిగి పట్టింది ఇంగ్లీషువాడు కాదు, విజయనగరం రాజు ఆనందరాజు! పట్టి ఇంగ్లీషువాళ్ళ చేతిలో పెట్టాడు. ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల్లో దిగింది ఆ తర్వాతే. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళ పని పట్టారు.

వన్‌టౌన్ కుర్రాడు: అంటే మనవాళ్ళే నిలబెట్టారన్నమాట! మాస్టారూ, చందుర్తి ఎక్కడ?

రిటైర్డ్ మాస్టారు: పిఠాపురం వైపు.