ప్లాంక్ చెప్పిన శక్తి ముక్క పరిమాణం పౌనఃపున్యాన్ని బట్టే ఎందుకు మారాలి?

అందరికీ నమస్కారం. ఇంటర్ చదివే మా అక్క కొడుక్కి ఫిజిక్స్ చెబుతూ ఒకచోట ఆగిపోయాను. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, వేడెక్కేకొద్దీ పసుపుగా, చివరికి తెల్లగా మారడం వాడు చూశాడు, అంతవరకు ఇబ్బంది లేదు. వేడి వస్తువు ఏ పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) దగ్గర ఎంత కాంతి ఇస్తుందో ప్లాంక్ ఎలా లెక్కగట్టారో చెప్పేటప్పుడే చిక్కు వచ్చింది.

1900 అక్టోబరులో, ఈ కాంతిని ప్రయోగాల్లో కొలిచే రూబెన్స్ బెర్లిన్‌లో భౌతిక శాస్త్రవేత్త ప్లాంక్ ఇంటికి వెళ్లి, పొడవైన తరంగాల దగ్గర వీన్ సూత్రం (అప్పటిదాకా ఆ లెక్కకు వాడినది) కొలతలకు కుదరడం లేదని చెప్పారు. ప్లాంక్ వెంటనే సరిపోయే సూత్రం పట్టేశారు. దానికి కారణం చూపడానికి, అంతవరకు తాను ఒప్పుకోని బోల్ట్జ్‌మన్ లెక్కింపు పద్ధతినే (శక్తిని ఎన్ని రకాలుగా పంచవచ్చో లెక్కపెట్టడం) పట్టుకుని, డిసెంబరు 14న శక్తిని ముక్కలుగా పంచి చూపించారు. (అతినీలలోహిత విపత్తును, అంటే పాత సిద్ధాంతం ప్రకారం పొట్టి తరంగాల దగ్గర శక్తి అంతులేకుండా పెరిగిపోవడాన్ని, సరిదిద్దడానికే ఇదంతా చేశారన్నట్టు పాఠాల్లో ఉంటుంది. ఆ పేరు పుట్టిందే 1911లో. పిల్లలకు ఇలా చెప్పడం నాకు నచ్చదు.)

ముక్కను సున్నా చేస్తే సూత్రమే చెడిపోతుందని అర్థమైంది. కానీ ఒక్కో ముక్క పౌనఃపున్యానికి అనులోమానుపాతంలోనే ఉండాలని ఎలా తేలింది? వీన్ స్థానభ్రంశ నియమం (వేడి పెరిగేకొద్దీ ఎక్కువ కాంతి పొట్టి తరంగాల వైపు జరుగుతుందనేది) నుంచి వస్తుందంటారు. ఎంట్రోపీ (శక్తిని ఎన్ని రకాలుగా పంచవచ్చో చెప్పే కొలత) దగ్గర ఆ ఒక్క మెట్టు నాకు అందడం లేదు. పెద్ద గణితం లేకుండా, వాడికి కూడా అర్థమయ్యేలా ఎవరైనా వివరించగలరా? దయచేసి తెలిసినవారు చెప్పండి.