‘కరిగే’ జెల్లా, ‘అరిగే’ జెల్లా: ‘అరుగు’ అనే క్రియ గురించి

సభ్యులందరికీ నమస్కారం. మానని పుండ్ల మీద వేసే యాంటీఆక్సిడెంట్ జెల్‌ల గురించి ఇంటర్మీడియట్ పిల్లల కోసం ఒక చిన్న వ్యాసం రాస్తూ, ‘బయోడిగ్రేడబుల్’ అనే ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. పాఠ్యపుస్తకాల్లోని ‘జీవ విచ్ఛిన్నం చెందే’ అన్న మాట చెత్తకుప్పకు సరిపోతుంది కానీ, అదే మాటను మనిషి పుండులో పెట్టే పదార్థానికి వాడితే చదివేవాడి మనసులో కుళ్ళు మెదులుతుంది. ఆసుపత్రుల్లో వినిపించే ‘కరిగిపోయే కుట్లు’ అన్న మాటను ఆధారం చేసుకుని ‘ఒంట్లో కరిగిపోయే పాలిమర్’ అని రాస్తే, చిత్తుప్రతి చూసిన మిత్రుడు దాని కింద ఎర్రగీత గీశాడు. ఉప్పు నీళ్ళలో కరిగినా ఉప్పుగానే ఉంటుందనీ, నీళ్ళు ఇగిరితే మళ్ళీ కనిపిస్తుందనీ, పాలిమర్‌లో మాత్రం అణువుల గొలుసే తెగిపోతుందనీ అతని అభ్యంతరం. అది న్యాయమైనదే.

అందుకే ‘అరిగే’ అన్న మాటను మీ ముందు పెడుతున్నాను. కావ్యాల్లో ‘అరిగెను’ అంటే వెళ్ళెను అని అర్థం. వాడుకలో అన్నం అరుగుతుంది, చెప్పు అరుగుతుంది, సబ్బుబిళ్ళ అరుగుతుంది. జీర్ణం కావడానికీ, వాడగా వాడగా తరిగిపోవడానికీ తెలుగులో ఒకే క్రియ ఉంది. సంస్కృతంలోని ‘జీర్ణ’ శబ్దానిదీ ఇదే తీరు: ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’లో ఒక అర్థం, ‘జీర్ణవస్త్రం’లో రెండోది.

ఈ జంట అర్థం, అలాంటి జెల్‌ల తయారీకి వాడే కైటోసాన్ అనే పాలిమర్ విషయంలో అక్షరాలా నిజమవుతుంది. మన విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు వెళితే ముక్కు మూసుకోవలసి వచ్చే ఆ రొయ్యల పొట్టులోనే దాని పుట్టుక ఉంది. పొట్టులోని సున్నాన్ని ఆమ్లంతోనూ, మాంసకృత్తులను పలచని క్షారంతోనూ తొలగిస్తే మిగిలేది కైటిన్. దాన్ని గాఢమైన వేడి క్షారంలో ఉంచితే కైటోసాన్ వస్తుంది. మన కన్నీటిలోనూ లాలాజలంలోనూ ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్ ఆ గొలుసులను నెమ్మదిగా తెంచుతుంది. ఎంజైమ్ తెంచడాన్ని ‘అరగడం’ అనడానికి ఉపమానం కూడా అక్కరలేదు, అన్నం విషయంలో మనం రోజూ అంటున్న మాటే అది.

యాంటీఆక్సిడెంట్ పాత్ర కూడా ఈ క్రియతోనే తేటపడుతుందని నాకు అనిపిస్తోంది. గాయంలో చేరిన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి పుట్టిస్తాయి. అవి కొద్దిగా ఉంటే మేలే. మధుమేహం ఉన్నవారి పుండులో అవి రోజుల తరబడి పేరుకుపోయి, కొత్తగా రావలసిన కండను కూడా దెబ్బతీస్తాయి. వాటిని అణచడానికి కరక్కాయలో ఉండే గాలిక్ ఆమ్లం వంటి దాన్ని జెల్‌లో ఊరికే కలిపితే తొందరగా బయటికి పోతుంది. కైటోసాన్ గొలుసుకే రసాయన బంధంతో కడితే అక్కడే నిలిచి పనిచేస్తూ, గొలుసు అరిగేకొద్దీ దానితోపాటు విడివడుతుంది. సింహాచలంలో చందనోత్సవానికి ముందు జరిగే చందనం అరగదీత మన ఊళ్ళో తెలియనివారు లేరు కదా. సానరాయి మీద చెక్క అరిగిన మేరకే గంధం దిగుతుంది, ఒక్క చుక్క కూడా ముందుగా రాదు. పిల్లలకు ఈ ఒక్క పోలిక చాలదా?

(‘జెల్’ను జెల్‌గానే ఉంచాను. థామస్ గ్రహామ్ అనే రసాయనవేత్త ఆ మాటను జెలటిన్ నుంచి తీసుకున్నాడు. సన్నని రేణువులు కరగకుండా ద్రవమంతటా పరుచుకుని ఉండే కొల్లాయిడ్‌కు మనవాళ్ళు గంజిని తలచుకుని ‘కాంజికాభం’ అన్నారు, అది నాకు చాలా ఇష్టమైన మాట. ముట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్పడానికి మాత్రం తాటిముంజను వాడుకున్నాను.)

*విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుని జవాబు*

మీ మాట నాకు నచ్చింది కానీ, దాన్ని అన్నిటికీ తొడగవద్దు. పుండ్ల కట్లలో విరివిగా వాడే ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. దాన్ని తెంచే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. దాని గొలుసులను కలిపి ఉంచే కాల్షియం అయాన్ల స్థానంలోకి పుండు రసిలోని సోడియం అయాన్లు చేరినప్పుడు ముడులు వదులై జెల్ విడిపోతుంది. గొలుసు తెగదు కనుక అక్కడ మీరు కొట్టేసిన ‘కరిగే’ అన్న మాటే నయం.

లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలను గొలుసుగా కట్టి చేసే పాలిమర్ పీఎల్‌జీఏ కథ ఇంకొకటి. దాన్ని తెంచేది ముఖ్యంగా నీరు. నీరు ముద్ద అంతటా ఇంకుతుంది, తెగిన ముక్కల ఆమ్లం లోపల చిక్కుకుని తెగడాన్ని మరింత వేగం చేస్తుంది. అందువల్ల పైపొర నిలిచి ఉండగానే లోపల ఖాళీ అవుతుంది. సబ్బుబిళ్ళలా పైనుంచి తరిగితే అరగడం. ఇది ఎముకలకు మనం వాడే ‘గుల్లబారడం’. ఇక 1960లో విక్టర్లే, లిమ్ అనే చెక్ రసాయనవేత్తలు ప్రకటించిన జెల్, అంటే మెత్తని కాంటాక్ట్ లెన్సులకు మూలమైనది, అరగనూ కూడదు, కరగనూ కూడదు.

*ఎముకల వార్డులో పనిచేసే సోదరి జవాబు*

మాస్టారూ, మీరిద్దరూ రోగులను మరిచిపోయారు. మా వార్డులో ‘అరుగుదల’ అన్న మాట వినగానే అందరూ మోకాళ్ళు తడుముకుంటారు. “ఈ మందు మీ ఒంట్లో అరుగుతుంది” అంటే, “నా ఎముక అరిగిపోతుందా అమ్మా?” అని అడిగే పెద్దవాళ్ళు కనీసం సగం మంది ఉంటారు. ఆ క్రియను వాడండి కానీ, అరిగేది ఏమిటో అదే వాక్యంలో చెప్పండి. నేనైతే “ఆ జెల్ దానంతట అదే అరిగిపోతుంది, మళ్ళీ తీయనక్కరలేదు” అంటాను. ‘తీయనక్కరలేదు’ అన్న ముక్క వినగానే వాళ్ళ ముఖం తేటపడుతుంది.

*మొదటి సభ్యుని జవాబు*

మాస్టారికీ అమ్మగారికీ కృతజ్ఞతలు. మూడు రకాల మార్పులకు ఇంగ్లీషు ఒకే మాట వాడుతోందని మనం కూడా ఒకే మాట వెతకడం నా పొరపాటే. శీర్షికలో పాఠ్యపుస్తకపు మాటనే ఉంచి, లోపలి వాక్యాలను ఇలా మార్చాను: “రొయ్యల పొట్టు నుంచి వచ్చే కైటోసాన్ జెల్ పుండు మీద దానంతట అదే అరిగిపోతుంది కనుక దాన్ని తీయనక్కరలేదు, అరిగేకొద్దీ, చందనపు చెక్క గంధాన్ని ఇచ్చినట్టు, తనకు కట్టి ఉన్న గాలిక్ ఆమ్లాన్ని విడిచిపెడుతుంది. నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ జెల్ అరగదు, పుండు రసిలో ముడులు వదులై కరుగుతుంది. పీఎల్‌జీఏ లోలోపల గుల్లబారుతుంది.” మాస్టారు ఈ వాక్యాలకు ఒప్పుకుంటే రేపే అచ్చుకు పంపుతాను.