కొత్త గోథిక్, డార్క్ ఆల్బమ్‌లలో ఏవి వినాలి, ఏవి వదిలేయాలి?

చీకటి_గది:

గత రెండు మూడేళ్లలో వచ్చిన గోథిక్ రాక్, పోస్ట్ పంక్, డార్క్‌వేవ్, అంటే చీకటి, దిగులు నిండిన రాక్, ఎలక్ట్రానిక్ సంగీతం ఆల్బమ్‌లలో నిజంగా కూర్చుని వినదగ్గవి ఏవో చెప్పండి. నేను పదేళ్లుగా ద క్యూర్ పాత ఆల్బమ్‌లు, బౌహాస్, సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, వీటి చుట్టూనే గానుగెద్దులా తిరుగుతున్నా. 2024 నవంబర్‌లో క్యూర్ వాళ్ల సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్ వచ్చాక, ఓహో, కొత్తవాటిలో కూడా సరుకుందన్నమాట అనుకుని యాప్ చూపించినవన్నీ వినడం మొదలుపెట్టా. అక్కడే దెబ్బతిన్నా. నెలలో పాతిక దాకా విని ఉంటాను, ఒక్కదాని పేరూ గుర్తులేదు, అన్నీ ఒకే బ్యాండ్ చేసినట్టున్నాయి. అదే డ్రమ్ మెషీన్, అదే నూతిలోంచి మాట్లాడుతున్నట్టుండే మగ గొంతు, అట్ట మీద అదే నలుపు తెలుపు ఫొటో.

విడి పాటలు వద్దండి. రాత్రి లైటు తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినే ఆల్బమ్‌లు కావాలి. వదిలేయాల్సినవి కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

నాలుగు_తీగలు:

అన్నీ ఒకేలా ఉండటానికి కారణం ఉంది. ఈ సౌండ్ ఇప్పుడు చాలా తేలిక. బేస్ గిటార్ మీద కోరస్ ఎఫెక్ట్ (ఒక్క స్వరం రెండుమూడుగా వినిపించేది), గొంతు మీద బోలెడు రివర్బ్ (ప్రతిధ్వని), పాత డ్రమ్ మెషీన్ శబ్దాలు, ఇవన్నీ లాప్‌టాప్‌లో రెడీగా దొరుకుతాయి, పాట రాయకముందే వాతావరణం తయారైపోతుంది. దాంతో చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. నేను బేస్ వాయిస్తాను కాబట్టి నా కొలత ఒకటే, ఆల్బమ్ అయిపోయిన గంట తర్వాత ఒక్క బేస్ లైన్ అయినా నోట్లో ఆడుతోందా లేదా. క్యూర్‌లో సైమన్ గాలప్ వాయించేది అసలు వెనక ఉండే బేస్ కాదు కదా, చాలా పాటల్లో రాగం మోసేది అదే, గిటార్ దాని మీద జల్లులా పడుతుంటుంది. కొత్తవాళ్లలో ఎక్కువమంది జల్లు నేర్చుకున్నారు, కింద నేల వేయడం మర్చిపోయారు.

నా లెక్కలో వినాల్సింది ముందు ద కమీలియన్స్ వాళ్ల ఆర్కటిక్ మూన్, 2025లో వచ్చింది. 2001 తర్వాత వాళ్ల మొదటి పూర్తి స్టూడియో ఆల్బమ్ కొత్త పాటలతో. వీళ్ల మొదటి రికార్డు స్క్రిప్ట్ ఆఫ్ ద బ్రిడ్జ్ 1983 నాటిది, రెండు గిటార్లు ఒకదానికొకటి జవాబు చెప్పుకునే పద్ధతి అందులోనే కుదిరింది, ఇప్పుడు వినే డ్రీమీ పోస్ట్ పంక్‌లో సగం అక్కడి నుంచి ఎత్తుకొచ్చిందే. కొత్తదాంట్లో ఆ తొందర లేదు. గొంతులో వయసు తెలుస్తుంది, దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు, అందుకే నాకు నచ్చింది. పాత ఆవేశం కోసం వెళ్తే మాత్రం నిరాశ పడతారు.

రెండోది మోల్చాత్ దోమా. బెలారుస్ బ్యాండ్, మిన్స్క్ నుంచి వచ్చి ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్నారు. 2018లో వచ్చిన ఎతాజీ క్యాసెట్ మీద రికార్డు చేసినట్టు మసకగా ఉంటుంది, ఆ మసకే దాని అందం. 2024లో వచ్చిన బేలయా పలసా శుభ్రంగా, పెద్దగా, సింథ్‌లు (ఎలక్ట్రానిక్ కీబోర్డులు) ముందుకొచ్చి, సింథ్ పాప్ బ్యాండ్ డెపెష్ మోడ్ వైపు జరిగింది. చాలామంది తిట్టారు. నాకైతే మొదటి నాలుగైదు పాటలు బ్రహ్మాండం, తర్వాత కాస్త జారింది. రష్యన్ ఒక్క ముక్క రాకపోయినా పర్వాలేదు, ఆ గొంతుకి అర్థం అక్కర్లేదు.

ట్విన్ ట్రైబ్స్ పెండ్యులమ్ (2024) మీ పాతికలో ఉండే ఉంటుంది. టెక్సస్ నుంచి వచ్చిన ఇద్దరే మనుషులు, అదే డ్రమ్ మెషీన్, అదే లోతు గొంతు, మీరు చెప్పిన రోగలక్షణాలన్నీ ఉన్నాయి, కానీ పాట కట్టడం తెలుసు వాళ్లకి. మళ్లీ ఒకసారి వినండి, ఈసారి విడిగా.

వదిలేయమంటే కొట్టడానికి వస్తారేమో గానీ, బౌహాస్ గాయకుడు పీటర్ మర్ఫీ సోలో ఆల్బమ్ సిల్వర్ షేడ్ (2025). ఆయన ముందు ఆల్బమ్ లయన్ తర్వాత 11 ఏళ్లకు వచ్చింది, ప్రొడ్యూసర్ కూడా అప్పటిలాగే యూత్ అనే ఆయనే. గొంతు ఇప్పటికీ రాజు గొంతే. చుట్టూ ఇన్ని పొరలు పేర్చేసరికి ఆ రాజు సంతలో తప్పిపోయాడు.

రాత్రిపిట్ట:

పై ఆయన చెప్పినదాంట్లో ఒక్క ఆడగొంతు లేదు, గమనించారా? గోథ్ అంటే నలుగురు మగాళ్లు గోడకి ఆనుకుని నిలబడటమేనా బాబూ.

చెల్సీ వుల్ఫ్ వినండి. ఆవిడ ఆల్బమ్ 2024 ఫిబ్రవరిలో వచ్చింది, పేరు షీ రీచెస్ అవుట్ టు షీ రీచెస్ అవుట్ టు షీ, ఒక్క ఊపిరిలో చెప్పడం కష్టం. టీవీ ఆన్ ద రేడియో బ్యాండ్ డేవ్ సిటెక్ ప్రొడ్యూస్ చేశాడు. ఆవిడ 2017 నాటి హిస్ స్పన్ అంతా బరువైన గిటార్ గోడ. ఇందులో ఆ గోడ పగలగొట్టి నెమ్మదిగా సాగే ట్రిప్ హాప్ బీట్లు, కరకరలాడే ఎలక్ట్రానిక్ శబ్దాలు పెట్టింది. మద్యం మానేశాక చేసిన రికార్డు. పాత నన్ను విడిచిపెట్టి ఇంకో నన్ను కలుసుకోవడానికి వెళ్లడం, మొత్తం అదే. మొదటిసారి నాకు చల్లగా, దూరంగా అనిపించింది. మూడోసారికి గాని ఆ బీట్ల కింద ఎంత మెత్తగా పాడుతోందో పట్టుబడలేదు.

ఇక గొడవ పెట్టే పేరు. గాయని ఎథెల్ కేన్ ఆల్బమ్ పర్వర్ట్స్, 2025 జనవరి. తొమ్మిది ట్రాకులు, దాదాపు గంటన్నర. ఆవిడ 2022 నాటి ఆల్బమ్ ప్రీచర్స్ డాటర్ విని ఇలాంటి పాటలే ఉంటాయనుకుని వెళ్లినవాళ్లందరూ తల పట్టుకున్నారు. మొదట్లోనే ఒక పాత చర్చి కీర్తన, పాడైపోయిన టేపులోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది, తర్వాత నిమిషాల తరబడి ఒకే మోత, మధ్యమధ్యలో గొణుగుడు. నాకు ఈ దశాబ్దంలో నిజంగా భయం వేసిన రికార్డు ఇదొక్కటే. నలుపు బట్టలేసుకున్న పాప్ కాదు ఇది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫ్రిజ్ మోత వింటూ కూర్చుంటే వచ్చే దిగులు.

నాలుగు_తీగలు:

ఫ్రిజ్ మోత వినడానికి గంటన్నర ఎందుకండీ, ఫ్రిజ్ ఉంది కదా :)

ఆడగొంతుల మాట నిజమే, ఒప్పుకుంటున్నా. దానికి జరిమానాగా ఒకటి చెప్తా: ఐస్‌లాండ్ ముగ్గురమ్మాయిలు, కైలన్ మిక్లా. నేను చెప్పేది వాళ్ల 2021 ఆల్బమ్, అంటే మీరడిగిన గడువు దాటింది, అయినా మీ పాతిక ఆల్బమ్‌ల కంటే ఇది మేలు. సింథ్, బేస్, మంత్రం చదువుతున్నట్టుండే అరుపులు. గిటార్ దాదాపు లేకపోయినా లోటు తెలియదు.

ఇనుప_గంట:

మెటల్ వైపు ఎవరూ చూడట్లేదు, అసలు మంచి గోథిక్ రాక్ ఇప్పుడు అక్కడే ఉంది. స్వీడన్ బ్యాండ్ ట్రిబ్యులేషన్ ఒకప్పుడు డెత్ మెటల్, గొంతు చించుకునేవాళ్లు. 2024లో వచ్చిన సబ్ రోసా ఇన్ ఏటెర్నమ్‌లో అదే గాయకుడు చాలా పాటలు లోతైన మామూలు గొంతుతో పాడాడు. ఫస్ట్ టైమ్ విన్నప్పుడు పొరపాటున వేరే బ్యాండ్ పెట్టానేమో అని స్క్రీన్ చూసుకున్నా. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ ఇష్టమైతే కళ్లు మూసుకుని పెట్టేయండి. పారడైజ్ లాస్ట్ అసెన్షన్ (2025) కూడా. వీళ్ల 1991 ఆల్బమ్ పేరే గోథిక్, 34 ఏళ్ల తర్వాత కూడా ఆ గిటార్ ఏడుపు ఎవరిదో మొదటి నోటుకే తెలిసిపోతుంది. దీంట్లో గర్జన గొంతు ఉంటుంది, అది పడకపోతే వద్దు.

క్రీపర్ వాళ్ల సాంగ్వివోర్ (2023) సగం జోక్, సగం ప్రేమ. రక్తపిశాచాల కథ, మొదటి పాటే 9 నిమిషాలు, పియానో, బృందగానం, డ్రామా, స్టేజి నాటకంలా ఉంటుంది. లైటు తీసేసి వినేది కాదు, లైట్లన్నీ వేసుకుని గట్టిగా పాడుకునేది. మీకు వద్దు, నాకు కావాలి.

చీకటి_గది:

అందరికీ థాంక్స్, వారం రోజులు పట్టింది. చెప్తున్నా ఏమనుకోకండి.

ఆర్కటిక్ మూన్ మొదటి రాత్రే పట్టేసింది. ట్రిబ్యులేషన్ ఇంకా ఎక్కువ పట్టింది, మెటల్ అని ఇన్నాళ్లూ దూరం పెట్టినందుకు సిగ్గుగా ఉంది. చెల్సీ వుల్ఫ్ రెండుసార్లు విన్నా, మూడోసారి బాకీ. మోల్చాత్ దోమా విషయంలో నేను పాత మసక పార్టీ. పెండ్యులమ్ నిజంగానే నా పాతికలో ఉంది, ఆరో ఏడో నంబర్‌లో, దాని ముందూ వెనకా ఉన్నవాటితో కలిసి మునిగిపోయింది పాపం. విడిగా వింటే బాగుంది.

పర్వర్ట్స్ 40 నిమిషాల దగ్గర ఆపేశా. బోర్ కొట్టి కాదు, పక్క గదిలో ఏదో చప్పుడైనట్టనిపించి లేచి లైటు వేశా. దీన్ని మెచ్చుకోవడం అనాలో ఏమనాలో రాత్రిపిట్ట గారే చెప్పాలి.

ఒక్క మాట, క్యూర్ కొత్తదాని గురించి. మొదటి పాటలో మూడు నిమిషాలు దాటితే గాని గాయకుడు రాబర్ట్ స్మిత్ నోరు తెరవడు, చివరి పాటలో ఆరు నిమిషాలు దాటాక. ఇన్నాళ్లూ దాన్ని వాళ్ల ఓపిక అనుకున్నా. నాలుగు_తీగలు గారు చెప్పాక మళ్లీ వింటే, ఆ మూడు నిమిషాలూ బేసూ డ్రమ్సే నడిపిస్తున్నాయి, నేనే గొంతు కోసం కాచుకుని కూర్చుని దాన్ని వినలేదు.

రాత్రిపిట్ట:

లైటు వేశారంటే మెచ్చుకున్నట్టే. మిగతా 50 నిమిషాలు పగలు వినండి.

ఇనుప_గంట:

క్యూర్ రికార్డు మిక్స్ మాత్రం నాకు ఇరుకుగా అనిపిస్తుంది, అన్నీ ఒకేసారి మీద పడతాయి. వాల్యూమ్ తగ్గించి వింటే కొంచెం నయం. సరే గానీ సిస్టర్స్ ఆఫ్ మెర్సీ కొత్త ఆల్బమ్ ఎప్పుడు?

నాలుగు_తీగలు:

ఆఖరిది 1990లో. కచేరీల్లో కొత్త పాటలు వాయిస్తూనే ఉన్నారు, రికార్డు మాత్రం చేయరు. వాళ్ల డ్రమ్మర్ మెషీనే కదా, దానికేం తొందర.