ఆఫీసులో ఐస్‌బ్రేకర్ ఆటలు అందరికీ తప్పనిసరి చేయాలా?

కొర్లగుంట_తిరుపతి:
మా ఆఫీసులో 26 మందిమి. ఈమధ్య రెండు బ్రాంచీలను కలిపి ఒకే చోట కూర్చోబెట్టారు. నెలన్నర అయినా మధ్యాహ్నం క్యారియర్లు విప్పేటప్పుడు పాతవాళ్లు ఒక పక్క, కొత్తగా వచ్చినవాళ్లు ఒక పక్క. వచ్చే శనివారం ఆటలు పెట్టి అందరినీ కలపమని నాకు అప్పగించారు. ఒక్కరు కూడా తప్పుకోకూడదని మేనేజర్ గారి మాట. మీరేమంటారు?

శ్రీసిటీ_షిఫ్ట్:
ఆయన మాటే కరెక్టు అన్నా. ఇష్టమున్నవాళ్లు రండి అంటే, ఎప్పుడూ గలగలా మాట్లాడేవాళ్లే వస్తారు. మూలన కూర్చునే మనిషి మూలనే ఉండిపోతాడు. మా లైన్‌లో తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువ. 'రెండు నిజాలు, ఒక అబద్ధం' ఆడించాం. ఒక్కొక్కరూ తమ గురించి మూడు మాటలు చెబితే, అందులో అబద్ధమేదో మిగతావాళ్లు కనిపెట్టాలి. ఎవరితోనూ కలవని ఒకాయన, అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఏడుసార్లు ఎక్కానన్నాడు. అబద్ధమనుకున్నాం, నిజమే. ఆ రోజు నుంచి ఆయన్ని పేరు పెట్టి పిలుస్తున్నాం.

చిత్తూరు_అకౌంట్స్:
తమ్ముడూ, ఆ ఆట మంచిదే. మెట్లు ఎక్కిన సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆయన చేతిలోనే ఉంది కదా. నాకు ఆ వీలు ఇవ్వలేదు.

పాత ఉద్యోగంలో మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి, ఎదురుగా ఉన్న ఇద్దరి చేతులు పట్టుకుని, వదలకుండా ఆ చిక్కు విప్పుకోమన్నారు. మగవాళ్ల చేతులు పట్టుకోవడం నాకు ఇబ్బంది, పక్కన నిలబడతానన్నాను. ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ జీవితంలో పెద్ద బాధ ఏదో చెప్పాలన్నారు. మా నాన్న పోయి అప్పటికి మూడు నెలలు. నోరు తెరవగానే ఏడుపొచ్చింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, అయినా తర్వాత ఎన్నో రోజులు ఫైలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. దగ్గరవుతామనుకుంటే ఇంకా దూరమయ్యాం. ఆట పెట్టినాయన మంచివాడే. తప్పనిసరి అన్న మాట వల్లే నేను లేచి వెళ్లలేకపోయాను.

కొత్తగా కలిసిన జట్టు గురించి టక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లోనే రాశాడు: మొదట బిడియం, తర్వాత గొడవలు, ఆ తర్వాతే సర్దుబాటు, అప్పుడు పని సాఫీగా సాగడం. ఒక్క శనివారంతో అదంతా దాటేయలేరు. మొదటి మెట్టు ఎక్కిస్తే చాలు.

కొర్లగుంట_తిరుపతి:
అక్కా, మరి ఏం ఆడించమంటారు?

చిత్తూరు_అకౌంట్స్:
పులి-మేక. నేల మీద చాక్‌పీసుతో పటం గీస్తే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను చంపుతుంది. మేకలు కదలనివ్వకుండా దారులు మూసి పులిని కట్టేయాలి. పులుల వైపు ఒక్కరే ఆడొచ్చు. మేకల వైపు నలుగురిని కూర్చోబెట్టండి, రెండు బ్రాంచీల నుంచీ ఇద్దరిద్దరు. తొందరపడి ఒక మేకను తప్పు చోట పెడితే పక్కాయన "ఆగండాగండి, అక్కడొద్దు" అనక తప్పదు. మాట కలిసేది అక్కడే. ఎవరినీ ముట్టుకోనక్కర్లేదు, ఇంటి సంగతులు చెప్పనక్కర్లేదు.

శ్రీసిటీ_షిఫ్ట్:
ఆట బాగుంది అక్కా. కానీ ఆడనివాళ్లు ఇంటికెళ్లిపోతే మళ్లీ మొదటికే వస్తుంది. ఆడకపోయినా గదిలో ఉండాలి, ఆ మాట మాత్రం నేను వదలను.

చిత్తూరు_అకౌంట్స్:
ఉండమనండి, తప్పులేదు. కానీ ఆఫీసు టైములోనే పెట్టాలి. సాయంత్రం దాకా లాగితే శ్రీకాళహస్తి, పుత్తూరు బస్సులు పట్టుకోవాల్సినవాళ్ల ధ్యాసంతా గడియారం మీదే ఉంటుంది.

కొర్లగుంట_తిరుపతి:
మేనేజర్ గారితో మాట్లాడాను. రావడం తప్పనిసరి, ఆడటం కాదు అన్నదానికి ఒప్పుకున్నారు. ఆడనివాళ్లకు లెక్క రాసే పని ఇస్తాను. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా. మేకలకు చింతగింజలు తెస్తున్నాను, పులులకు ఏం పెట్టాలో చెప్పండి.