రాకెట్ వాయిదా పడితే విసుక్కోవడం తప్పా?

రాత్రిబస్సు
వాయిదా పడిందని విసుక్కునేవాడు అసలు అభిమానే కాదని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. 2019 జూలై 15న చంద్రయాన్-2 కోసం మా ఏడేళ్ల వాడితో శ్రీహరికోట గ్యాలరీలో ఉన్నాను. ముహూర్తం తెల్లవారుజామున 2.51. వాడు నా ఒళ్లో నిద్రపోయాడు, పది నిమిషాల ముందు లేపుదామనుకున్నా. కౌంట్‌డౌన్ గడియారం ఇంకా 56 నిమిషాల 24 సెకన్లుందనగా ఆగిపోయింది, లేపే పనే లేకపోయింది. అప్పటి రాష్ట్రపతి కోవింద్ గారు కూడా ఆ రాత్రి అక్కడికి వచ్చి ఉత్త చేతులతో వెళ్లారు. ఎవరి తప్పూ లేదు, ఎవరినీ అనను. కానీ బస్సులో తిరిగొస్తుంటే ఏడుపొచ్చింది. అదీ తప్పేనా?

పులికాట్ కొంగ
మాది శ్రీహరికోటకి దగ్గర్లోని సూళ్లూరుపేట. కిటికీలు దడదడలాడితే "పోయింది" అనుకుంటాం. లేకపోతే "ఈపొద్దు పోలా" అనుకుని పడుకుంటాం. ఈ బీపీలన్నీ బయటినుంచి వచ్చేవాళ్లకే :)

పాత వాల్వు
ఆ మాట రాసింది నేనే. ముప్పయ్యేళ్లు ఫ్యాక్టరీలో ప్రెషర్ లైన్ల మీద పనిచేశాను కాబట్టి నాకు లీకంటే భయం. 2013 ఆగస్టు 19 గుర్తుందా? ఇస్రో రాకెట్ జీఎస్ఎల్వీ-డీ5, ఇంకా 74 నిమిషాలుందనగా రెండో దశలో ఇంధనం కారుతోందని ఆపేశారు. రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లి ఆ దశనే మార్చారు. నాలుగున్నర నెలలు పట్టింది. 2014 జనవరి 5న ఎగిరింది, మన సొంత క్రయోజెనిక్ ఇంజన్ (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచేది) మొదటిసారి సరిగ్గా పనిచేసింది. అంతకుముందు 2010లో దానితో చేసిన ప్రయత్నం సముద్రంలో కలిసింది. ఆ ఆగస్టులో "చూద్దాంలే" అని వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మీ ఏడుపుని తప్పు పట్టను తమ్ముడూ, ఆన్‌లైన్‌లో తిట్లు లంకించుకునేవాళ్ల గురించే నేనన్నది.

సున్నా సెకను
తిట్లు వేరు, ప్రశ్న వేరు. వాల్వు గారు రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు. చంద్రయాన్-2 ఆగినప్పుడు అధికారికంగా వచ్చిందేమిటి? వాహనంలో సాంకేతిక లోపం, ముందుజాగ్రత్తగా ఆపాం, కొత్త తేదీ తర్వాత చెబుతాం. అంతే. హీలియం లీకని మనం పత్రికల్లోనే చదువుకున్నాం. ప్రజల డబ్బుతో నడిచే ప్రయోగం, కారణం అడిగితే అభిమానం తగ్గినట్టా?

అటు నాసా వాళ్ల చంద్రయాత్ర ఆర్టెమిస్-1 చూడండి. 2022 ఆగస్టు 29న ఆపారు, ఒక ఇంజన్ తగినంత చల్లబడలేదన్నారు. సెప్టెంబర్ 3న మళ్లీ ఆపారు, హైడ్రోజన్ లీకన్నారు. చివరికి నవంబర్ 16న వెళ్లింది. ప్రతిసారీ అధికారులు విలేకరుల ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబిచ్చారు.

పాత వాల్వు
మీ ఉదాహరణే నాకు పనికొస్తుంది. ఆగస్టు 29న ఇంజన్ చల్లబడలేదన్నవాళ్లే మర్నాడు సెన్సరే తప్పు చూపిస్తోందేమో అన్నారు. లీకు తగిలిన గంటలో ఎక్కడినుంచో తెలీదు బాబూ. మేం సబ్బు నురగ రాసి రెండు రోజులు వెతికిన సందర్భాలున్నాయి. తొందరపడి ఒక మాటంటే అదే హెడ్‌లైన్ అవుతుంది, తర్వాత ఎంత దిద్దినా పోదు.

సున్నా సెకను
ఏమైందండీ మాట మారితే? మారిందని వాళ్లే చెప్పారు. జనం నవ్వలేదు, ఆసక్తిగా విన్నారు. మనవాళ్లకూ చేతకాదని కాదు. 2023 అక్టోబర్ 21, మనుషుల్ని పంపే గగన్‌యాన్ కోసం చేసిన పరీక్ష, టీవీ-డీ1. వాతావరణం వల్ల ఎనిమిది గంటలది 8.45 అయింది, ఆపైన సరిగ్గా 5 సెకన్లుందనగా ఆగింది. అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారు మైకులోకి వచ్చి ఇంజన్ మండటం అనుకున్నట్టు జరగలేదు, కంప్యూటర్ ఆపేసింది, వెళ్లి చూస్తామన్నారు. పదింటికి ఎగిరింది. నేను ఆఫీసు మీటింగ్ మ్యూట్‌లో పెట్టి చూస్తున్నా, టెన్షన్ అయితే పడ్డాను గానీ చిరాకు రాలేదు.

పాత వాల్వు
ఆ రోజుది బాగుంది, కాదనను.

మబ్బుల్లో చుక్క
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. జనం ఒత్తిడి గురించి ఎవరూ మాట్లాడరేం? 1986లో అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ కూడా వాయిదాల మీద వాయిదాలు పడింది. జనవరి 27న తలుపుకు బిగించిన హ్యాండిల్ బోల్టు ఊడిరాక కోశారు, ఆలోగా గాలి పెరిగి ఆపేశారు. మర్నాడు గడ్డకట్టే చలి. ఈ చలిలో బూస్టర్ల (పక్కన బిగించే రాకెట్ల) రబ్బరు రింగులు సందుల్ని సరిగ్గా మూయవని వాటిని తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ముందురోజు రాత్రే వద్దన్నారు. అయినా వదిలారు. 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు పోయారు.

రాత్రిబస్సు
చుక్క గారూ, అది చదివితే ఒళ్లు జలదరించింది. కానీ ఇంజనీర్ల మాట తోసేసింది పైఅధికారులు, రోడ్డు పక్కన కెమెరా పట్టుకుని నిలబడ్డవాడు కాదు కదా.

సున్నా సెకను
అదే. 2025 మే 29న అంతరిక్ష కేంద్రానికి వెళ్లాల్సిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా జూన్ 25న వెళ్లారు. అక్కడా మధ్యలో ఆయన్ని తీసుకెళ్లే రాకెట్ ఫాల్కన్-9లో ద్రవ ఆక్సిజన్ లీకు దొరికింది. పూర్తిగా సరిచేశాకే వదలాలని మన ఇస్రో బృందం పట్టుబట్టిందని అప్పుడు ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న నారాయణన్ గారే చెప్పారు. కారణం తెలిసింది, కాబట్టి ఆ వాయిదాని మనవాళ్లంతా మెచ్చుకున్నారు.

పాత వాల్వు
సరే. మొదటి గంటలో "ఫలానా చోట ఏదో తేడా ఉంది, వెతుకుతున్నాం" అంటే చాలు, ఒప్పుకుంటా. అంతకుమించి అడగొద్దు. ఇంతకీ రాత్రిబస్సు, పిల్లాడు తర్వాతన్నా చూశాడా?

రాత్రిబస్సు
జూలై 22 సోమవారం, మధ్యాహ్నం 2.43. అది ఎగిరినప్పుడు వాడు బళ్లో లెక్కల క్లాసులో ఉన్నాడు. నేనేమో డాక్టర్ దగ్గర క్యూలో ఫోన్లో చూశా. ఈ సంగతి వాడికి చెప్పడం నా తప్పే, ఇప్పటికీ దెప్పుతాడు.

పులికాట్ కొంగ
ఈసారి మా డాబా మీదికి తీసుకురండన్నా. దూరమే గానీ మబ్బు లేకపోతే బాగా కనబడుద్ది. ఆగిపోయిందంటే కిందికి దిగి చేపల పులుసు తిందాం.