మిస్టరీ రచయితల్లో ఎవరు గొప్ప? రెండోసారి చదివాక చెప్పండి

చదువరి:
గొప్ప మిస్టరీ రచయిత ఎవరని అడిగితే చాలామంది చివరి పేజీలో తగిలిన షాక్‌ని బట్టి చెబుతారు. ఎంత అదిరిపడితే అంత గొప్ప అన్నట్టు. నా లెక్క వేరు. హంతకుడెవరో తెలిశాక అదే నవల మళ్లీ మొదటి నుంచి చదవాలి. అప్పుడు కూడా పుస్తకం కింద పెట్టబుద్ధి కాకపోతే అది గొప్ప రచన. ఈ పరీక్షలో నా ఓటు అగాథా క్రిస్టీకి.

1942లో వచ్చిన 'ఫైవ్ లిటిల్ పిగ్స్' తీసుకోండి. ఒక చిత్రకారుడు విషంతో చనిపోతాడు. భార్యకు శిక్ష పడుతుంది, ఆమె జైల్లోనే పోతుంది. పదహారేళ్ల తర్వాత కూతురు క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ పాయిరో దగ్గరికి వచ్చి నిజం కనుక్కోమంటుంది. అప్పటికి ఆధారాలేం మిగులుతాయి? ఐదుగురి జ్ఞాపకాలు, అంతే. ఆ ఐదుగురూ అదే సంఘటన గురించి ఎవరికి గుర్తున్నట్టు వాళ్లు రాసిస్తారు. ఒక వాదనలో ఒక చిన్న మాట వేరేవాళ్ల చెవిన పడుతుంది. విన్నవాళ్లు ఒకటి అనుకున్నారు, అన్న మనిషి మనసులో ఉన్నది ఇంకొకటి. ఆ మాటని క్రిస్టీ దాచలేదు, మన కళ్లముందే పెట్టింది. మొదటిసారి మనమే దాన్ని దాటుకుని వెళ్లిపోయాం.

పాత పుస్తకం:
చదువరి గారూ, క్రిస్టీ మీద గౌరవం నాకూ ఉంది. కానీ షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన డాయిల్ లేకపోతే పాయిరో ఎక్కడివాడు? 1841లో ఎడ్గార్ ఎలన్ పో డిటెక్టివ్ కథలకి దారి తెరిచిన మాట నిజమే, అయితే డూపాన్ అనే పరిశోధకుడితో ఆయన రాసిన కథలు మూడే. ఆ దారిలో లోకాన్నంతా నడిపించింది డాయిల్. నాలుగు నవలలు, 56 కథలు. 1893లో హోమ్స్‌ని చంపేస్తే పాఠకులు ఊరుకోలేదు, పదేళ్లకి మళ్లీ బతికించి తీసుకురావాల్సి వచ్చింది. మీరు రెండోసారి అంటున్నారు, నేను ఆ కథలు ఇరవైసార్లు చదివి ఉంటాను. నేరం ఎవరు చేశారో కంఠతా వచ్చు. అయినా హోమ్స్, వాట్సన్ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటుంటే వినాలనిపిస్తుంది.

చదువరి:
ఆ స్నేహం కోసం నేనూ చదువుతాను. కానీ అది పాత్రల గొప్పతనం. మిస్టరీగా చూస్తే? 1887లో వచ్చిన మొదటి నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో హోమ్స్ టెలిగ్రాం ఇచ్చాడని మనకి తెలుస్తుంది. అందులో ఏం అడిగాడో, ఏం జవాబు వచ్చిందో మాత్రం చివర్లో గానీ చెప్పరు. హంతకుడి పేరు దొరికింది ఆ జవాబులోనే! తీగ లాగితే డొంకంతా కదలాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ తీగ కొస పాఠకుడి చేతికి కూడా ఇవ్వాలి కదా.

కొత్త పేజీ:
ఓట్లు వేసి తేల్చిన సంగతి ఉందిగా? 2013లో బ్రిటన్ క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ సభ్యులు క్రిస్టీనే ఉత్తమ రచయితగా, ఆమె 'మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్'నే ఉత్తమ నవలగా ఎన్నుకున్నారు.

పాత పుస్తకం:
అదే సంఘం 1990లో వేసిన జాబితాలో మొదటి స్థానం జోసెఫీన్ టే రాసిన 'ద డాటర్ ఆఫ్ టైమ్'ది. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద ఉన్న ఇన్‌స్పెక్టర్, కొన్ని వందల ఏళ్ల కిందటి రాజు మీద పడిన హత్యానిందని పుస్తకాలతోనే విచారిస్తాడు. చాలా మంచి నవల. ఇరవై మూడేళ్లలో ఓట్లు మారాయి, పుస్తకాలు మారలేదు. ఓట్లని పక్కన పెడదాం.

వానపాట:
మీరంతా క్లూల దగ్గరే ఆగిపోతున్నారు. నాకు రేమండ్ చాండ్లర్ కావాలి. 'ద బిగ్ స్లీప్' (1939) మొత్తం చదివినా అందులో ఒక డ్రైవర్‌ని ఎవరు చంపారో స్పష్టంగా తేలదు. మీ పరీక్షలో అది సున్నా. కానీ నేను ఆ నవల మళ్లీ మళ్లీ తెరుస్తాను. అందులో డిటెక్టివ్ మార్లో ఫీజు రోజుకి 25 డాలర్లు, ఖర్చులు అదనం. ఆ మాత్రం డబ్బుకి దెబ్బలు తింటాడు, ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు, క్లయింటుని మాత్రం అమ్ముకోడు. 1944 నాటి వ్యాసంలో చాండ్లర్ అన్నది కూడా ఇదే: డాషియల్ హామెట్ అనే రచయిత వచ్చి హత్యని, నిజంగా హత్యలు చేసే మనుషుల చేతికి తిరిగి ఇచ్చాడని. శవం కావాలి కాబట్టి ఒకర్ని చంపడం కాదు, చంపడానికి కారణం ఉన్నవాళ్లు చంపడం. హామెట్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసినవాడు, అందుకే ఆ మనుషులు ఆయనకి తెలుసు. క్రిస్టీ మనుషులు చదరంగం పావులు. ఆట అయిపోగానే పెట్టెలో పడుకుంటారు. మళ్లీ వాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్లాలి?

చదువరి:
వానపాట గారూ, మీ మాట నన్ను రెండు రోజులు ఆలోచనలో పెట్టింది. ఒకటి ఒప్పుకుంటున్నాను. క్లూలు మళ్లీ వెతుక్కునే ఆనందాన్నే నేను కొలబద్దగా పట్టుకున్నాను. చాండ్లర్ వాక్యం కోసం, మార్లో నిజాయితీ కోసం మళ్లీ చదవడం దానికి ఏ మాత్రం తక్కువ కాదు. పోలీసు అధికారి మేగ్రేతో సిమెనాన్ రాసిన నవలలు కూడా అలాంటివే, నేరస్థుడు దొరికాక కూడా అతని మీద జాలి మిగిలిపోతుంది.

కానీ పావులన్న మాట దగ్గర మాత్రం ఒప్పుకోలేను. క్రిస్టీ నవలలు కొన్నింటిలో అది నిజమే, అన్నింటిలో కాదు. నేను చెప్పిన నవలలోనే, శిక్ష పడిన ఆ భార్య జైలు నుంచి చెల్లెలికి ఒక ఉత్తరం రాస్తుంది. బాధపడకు, అంతా బాగానే ఉంది అంటుంది. మొదటిసారి చదివినప్పుడు అది నాకు ఒక క్లూ. ఈమె నేరం చేసిందా లేదా అని లెక్క కట్టుకుంటూ చదివాను. మొన్న రెండోసారి చదివాను. ఆమె ఎందుకంత ప్రశాంతంగా ఉందో, ఎవరి కోసం నోరు మెదపలేదో అప్పటికి నాకు తెలుసు. ఉత్తరం అదే, ఒక్క అక్షరం మారలేదు. దాన్ని దాటి ముందుకు చదవలేక పుస్తకం మూసేశాను. మీరు ఆ ఉత్తరం దాకా ఒక్కసారి చదివి, ఆమె పావో కాదో చెప్పండి.